రేడియో స్తంభములు - వానిని నిలుపు మోకులు

ఈ సాయంకాలము నేను మీకు విన్నవింపబోవునది రేడియో స్తంభముల చరిత్ర. రేడియో యనగానే మనకు పెట్టెయు, అందుండి వెలువడు పాటయు, వార్తలును జ్ఞప్తికి వచ్చును. ఆ మాటను మిన్నున నందుకొను తీగయు, ఆ తీగను మోయు స్తంభమును మన తలపునకు రావు. పందిట కూర్చున్నవానికి రాటలు కనబడవు గదా! కాని రాట కదలిననాడు పందిరి యంతయు మీద బడును.

నాకీ విషయమున శ్రద్ధ కలుగుటకు నా యజాగ్రత్తయే కారణము. జీతబత్తెముల నాశింపక, ప్రభుత్వపు లైసెన్సు పొంది, ఇంటినుండియే దూరదేశస్థులతో రేడియో మూలమున మాటలాడు అభిరుచి గలవారు కొందరు కలరు. వారిని హామ్‌లందురు. నేనును వారిలో నొకడను. మా డాబాపై 40 అడుగుల గొట్టపు స్తంభ మొకటి నిలిపి, మూడు దిక్కుల ఉక్కుమోకులతో బిగించితిని. నిలిపిననాడు ఊరెల్ల చూడవచ్చిరి. పిమ్మట రెండేండ్లు నేను దాని మొదలు చూడనైనను లేదు. ఒకనాడు వర్షాకాలమునకు ముందు దైవికముగ క్రింది కొక్కెము కడకు వంగి చూడగా, ఒక మోకు తుప్పుపట్టి, దాని పురులు కొన్ని తెగియుండెను. ఆ ప్రక్కనే వీధిపిల్లలాడుకొను దొడ్డి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మునుపు స్తంభములు నిలిపినవారి కథలను నాటినుండి చదువ నారంభించితిని.

1901 సంవత్సరమున ఇటలీ దేశీయుడగు మార్కోని, అట్లాంటిక్ మహాసముద్రము నీ యొడ్డునుండి యా యొడ్డునకు తీగలేని వార్త పంపదలచెను. ఇంగ్లండు నైరృతి కొనయందలి కార్న్‌వాల్ సీమలో, పోల్ధు అనుచోట, కడలికి చేరువనున్న యెత్తుగడ్డపై 20 స్తంభములు వలయముగ నిలుపబడెను. ఒక్కొక్కటి 200 అడుగుల యెత్తు. అమెరికాలో కేప్ కాడ్ తీరమున నిట్టిదే మఱియొకటి లేచెను. అయితే యీ కట్టుబడిలో నొక దోషముండెను. స్తంభముల తలలను మోకులతో నొకదాని కొకటి ముడివేసిరి. ఏ స్తంభమునకు నా స్తంభము తన కాలిపై నిలువగలుగునట్లు అన్ని దిక్కులనుండి బిగింపరైరి. ఒకటి వంగినచో తక్కినవానినెల్ల లాగుకొనిపోవలసినదే. అమెరికాలో పని చూచుటకు బోయిన వివ్యన్ అను ఇంజనీరు ఇది భద్రము కాదని ముందే చెప్పెను. ఆతని మాట చెల్లలేదు.

1901 సెప్టెంబరు 17వ తేదీని పోల్ధులో పెనుగాలి వీచెను. వలయమంతయు కూలెను. నవంబరు 25వ తేదీని కేప్ కాడ్ వలయమునకు నదే గతి పట్టెను. మార్కోని వెనుదీయక, పోల్ధులో రెండే స్తంభములు నిలిపి, నడుమ తీగలను విసనకఱ్ఱవలె వ్రేలాడదీయించెను. తాను న్యూఫౌండ్‌లాండు ద్వీపమున కేగి, అచట స్తంభమే లేక, గాలిపటమునకు తీగ గట్టి యెగురవేయించెను. డిసెంబరు 12వ తేదీని పోల్ధునుండి మూడు చుక్కల సంకేతమును వింటినని ప్రకటించెను. అది నిజముగ వినబడెనా యని పండితులు నేటికిని వాదింతురు; స్తంభములెట్లు కూలెనను విషయమున మాత్రము వాదము లేదు.

తొంబదియేండ్లకు పిదప జరిగిన మాట. పోలెండు దేశమున 1974లో 646 మీటర్ల రేడియో స్తంభము పూర్తి యయ్యెను. అప్పటికి లోకమున మానవుడు నిలిపిన కట్టడములలో నంతకంటె నెత్తైనది లేదు. 1991 ఆగస్టు 8వ తేదీని, ప్రాతమోకులు విప్పి క్రొత్తవి వేయు పనిలో నది కూలెను. అదృష్టవశమున నెవరికిని ప్రాణహాని కలుగలేదు. ఎన్నో గాలులకు నిలిచినది మరమ్మతునాడు కూలెను! నిలుపుటకంటె కాపాడుటయే కష్టమనుట కింతకు మించిన నిదర్శన మేల?

అందరికి నట్టి యదృష్టము పట్టదు. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున 1982 డిసెంబరు 7వ తేదీని, నిర్మాణము ముగియవచ్చిన యొక స్తంభముపైకి బరువైన ఏరియల్ నెత్తుచుండిరి. ఎత్తుటకు వీలుగ దానికొక యినుపకమ్మీ పొడిగింపు తగిలించిరి. పొడుగు గునపముతో బండను పెల్లగించునపుడు బలము పెరుగుననుట మీకు తెలిసినదే. ఆ పొడిగింపువలన బోల్టులపై నట్లే బలము పెరిగి, అవి తెగెను. పడుచున్న బరువు తగిలి మోకు తెగెను; స్తంభము కూలెను. అయిదుగురు పనివారు మరణించిరి. ఆ పొడిగింపును లెక్కవేసి చూడుడని పనివారు ముందే యడిగిరి. తప్పు తమ మీదికి వచ్చునేమోయని లెక్క తెలిసినవారు చూడకయే పోయిరి.

ఈ కథలన్నిటి సారమొక్కటే. స్తంభము తన యెత్తుచేత గూలదు. మొదటను, మోకుకడను, ముడికడను మనుష్యుడు చూడక విడిచిన లోపముచేత గూలును. కావున నేనిపుడు కొన్ని నియమములను తప్పక పాటింతును. విద్యుత్తీగలకు స్తంభపు పొడవునకు మించిన దూరమున గాని స్తంభము నిలుపను. పిడుగుపాటు నెదుర్కొనుటకు స్తంభమును దళసరి రాగితీగతో భూమికి చేర్తును. ఏటేట వానలకు ముందును, ప్రతి గాలివాన పిదపను, మోకులు, కొక్కెములు, బోల్టులు చేతితో తాకి చూతును. గాలి వీచునపుడుగాని, ఒంటరిగగాని, నడుముకు పట్టీ లేకగాని యెవరిని పైకెక్కనీయను. పైన మనిషి యున్నంతవఱకు క్రింది మోకును సడలింపనీయను.

ఇంత శ్రమ యేల, స్తంభమే లేకున్న బాగుగదా యని మీరడుగవచ్చును. 2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు టెలిఫోనులు మూగవోయెను. అపుడు హామ్‌లు తమ యంత్రములతో కబురు లందించిరి. ఏ గాలికి స్తంభము నిలువవలెనో, ఆ గాలి మఱునాడే దానితో మనకు పని. నాడది నేలబడియున్నచో, తక్కిన దినములన్నియు నిలిచి యేమి ఫలము?

నా స్తంభపు మోకులు మూడింటిని మార్చితిని. కొక్కెము కడ చిన్న పలకపై, చూచిన తేదీ వ్రాయుచున్నాను. పిల్లలు దొడ్డిలో నాడుకొనుచునే యున్నారు. వారు పైకి చూడరు, చూడనక్కఱలేదు. ఆ చూచు పని నాది.