మూట విప్పు విద్య

1980వ దశకమున అమెరికాలో గృహ కంప్యూటరు గలవారు టెలిఫోను తీగల మీదుగా బులెటిన్ బోర్డుల నుండి ప్రోగ్రాములను తెచ్చుకొనుచుండిరి. అట్టి బోర్డులలో మొదటిది 1978లో షికాగో నగరమున వెలసినది. సెకనుకు 1200 బిట్లు మోయు మోడెముతో 360 కిలోబైట్ల ఫ్లాపీ నిండుగా వచ్చుటకు ముప్పాతిక గంటకు పైగా పట్టును. దూరపు పిలుపైనచో నిమిషనిమిషమునకు రుసుము. కావున ఫైళ్లను కుదించి మూటగట్టుట యవసరమయ్యెను.

1985లో టామ్ హెండర్సన్ రచించిన ఆర్క్ ఈ పనికి ప్రసిద్ధమయ్యెను. మిల్వాకీవాసియగు ఫిల్ కాట్జ్ అంతకంటె వేగముగా పనిచేయు ప్రోగ్రామును వెలువరించెను. 1988లో హెండర్సన్ సంస్థ దావా వేసెను. హెండర్సన్ వ్రాతలోని అక్షరదోషములు సైతము కాట్జ్ వ్రాతలో నున్నవని పరీక్షకుడు తేల్చెను. అయినను జనులు కాట్జ్ పక్షమే వహించిరి. పెద్ద సంస్థ చిన్నవానిని పీడించుచున్నదని వారి తలంపు. నిజమునకు ఆ సంస్థయు చిన్నదే! రాజీ కుదిరిన పిమ్మట, 1989లో కాట్జ్ జిప్ అను క్రొత్త పద్ధతిని వెలువరించి, దాని వివరమును అందరికిని విడిచిపెట్టెను. జిప్ మూటల మొదట సాధారణముగా నుండు పీ, కే అను అక్షరములు అతని పేరివే.

మూట చేతికి వచ్చినంతమాత్రమున పని ముగియదు. విప్పు ప్రోగ్రామే మూటలో నున్నచో దానిని విప్పునదేది? అందుచే దానిని తనంతట తానే విచ్చుకొనునట్లు కూర్చి పంపిరి. 1993లో కుదింపు పద్ధతి మారగా పాత విప్పుడు ప్రోగ్రాములు క్రొత్త మూటల యెదుట నిస్సహాయములయ్యెను. తీగపై రొద వలన ఒక్క బిట్టు చెడినను సరిచూపు సంఖ్య కుదరదు; అప్పుడు మరల బోర్డునకు పిలుపు పంపి, తీగ ఖాళీయగువరకు వేచియుండవలసినదే.