పాత కంప్యూటరు – పెద్ద డిస్కు

హైదరాబాదు నుండి విజయవాడ పోవు పెద్దరోడ్డు మీద నార్కట్‌పల్లి దాటిన పిమ్మట కట్టంగూర్ వచ్చును. ఆ ఊరి బడిలో 2001 నాటి కంప్యూటరొకటి ఉన్నదనుకొందము. దాని డిస్కు నిండిపోయినది. మాస్టారు 160 గిగాబైట్ల డిస్కు తెచ్చి తగిలించిరి. యంత్రము 137 మాత్రమే గుర్తించినది. (ఇచ్చట గిగాబైటనగా 100 కోట్ల బైట్లు.) “తక్కిన 23 ఎక్కడికి పోయినవి, సార్?” అని పిల్లలు అడుగుదురు. సమాధానము చరిత్రలో ఉన్నది.

మొదటి హార్డ్ డిస్కును 1956లో అమెరికాలో ఐ.బి.ఎం. వారు వెలువరించిరి. 24 అంగుళముల వెడల్పుగల 50 పళ్లెములు ఒకే ఇరుసుపై తిరిగెడివి. వానిపైనున్న అయస్కాంతపు పూతలో సమాచారము వ్రాయబడెడిది. బరువు టన్నుకు పైగా ఉండెను; పట్టిన అక్షరములు 50 లక్షలు. 24 ఏండ్లకు, 1980లో, షుగార్ట్ టెక్నాలజీ వారి ఎస్.టి.-506 డిస్కు ఇంచుమించు అంతే సమాచారమును చేతితో ఎత్తదగిన పెట్టెలో ఇమిడ్చినది. 1983లో ఐ.బి.ఎం. ఎక్స్.టి. కంప్యూటరు 10 మెగాబైట్ల డిస్కుతో వచ్చెను.

డిస్కు పెరిగినంత మాత్రమున చాలదు. అందలి ప్రతి గదికి నంబరు కావలెను. నంబరును బిట్లలో వ్రాయుదురు. బిట్టనగా 0 గాని 1 గాని పట్టు ఒక గడి. హైదరాబాదులో 1967లో స్థాపింపబడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ తయారుచేసిన టి.డి.సి.-12 కంప్యూటరు పేరులోని 12 బిట్ల లెక్కయే. 12 బిట్లతో 0 నుండి 4,095 వరకే వ్రాయగలము.

ఊరి ఇండ్ల చిట్టాలో నంబరుకు రెండు గడులే ఉన్నవనుకొనుడు. 00 నుండి 99 వరకు నూరిండ్లకు సరిపోవును. తరువాతి ఇంటికి 100 అని వ్రాయబోగా ముందరి 1 జారిపోయి 00 మిగులును. ఉత్తరము మొదటి ఇంటికి చేరును!

డిస్కులకును ఇదే జరిగినది. కంప్యూటరును మేల్కొలుపు బయాస్ అను కార్యక్రమమునకు కొన్ని గడులు, డిస్కుకు మరికొన్ని ఉండెను. రెండింటిలో ఇరుకైనదే చెల్లినందున 1024 × 16 × 63 గదులే లెక్కకు వచ్చినవి. గదికి 512 బైట్లు. విద్యార్థులు గుణించి చూడుడు: 52,84,82,304. ఇది మొదటి గోడ. పిమ్మట 28 బిట్ల నంబరు వాడుకలోనికి వచ్చెను. దానితో 26,84,35,456 గదులు. అనగా 137 గిగాబైట్లు. మన బడి కంప్యూటరును ఆపిన గోడ ఇదియే.

గోడ ఆపుటయే మేలు. కొన్ని యంత్రములలో హద్దు దాటి వ్రాసినది చుట్టి తిరిగివచ్చి మొదటి గదులపై పడెను. డిస్కు పటమే చెరిగి, పిల్లల మార్కులు, పాఠములు కనుమరుగగును. కావున డిస్కు మార్చుటకు ముందే సమాచారమునకు వేరొకచోట నకలు తీయవలెను. పిదప బయాస్, నిర్వహణ కార్యక్రమము రెండును 48 బిట్ల నంబరును ఎరుగునో లేదో చూడవలెను. ఈ పద్ధతి 2002లో ప్రమాణములకెక్కినది. ఇరువది బిట్లు చేరగా చోటు 10,48,576 రెట్లు పెరిగెను.

తొలి నిర్మాతలు తెలివితక్కువవారు కారు. 10 మెగాబైట్ల నాడు 528 మెగాబైట్లు సముద్రమువలె తోచినది. నేడు మనకు సముద్రమువలె తోచునది ఏది? మన చిట్టాలలో ఎన్ని గడులు విడిచితిమి?