బంతి (కళామాధ్యమం)

ఆటబంతినే కళాకృతిగా, కుంచెగా వాడే పద్ధతి 20వ శతాబ్ది చివర్లో అమెరికాలో బలపడింది. కళాకారుడు జెఫ్ కూన్స్ 1985లో ‘ఈక్విలిబ్రియం’ వరుసలో బాస్కెట్‌బాల్‌ను గాజుతొట్టిలో నీళ్ల నడుమ నిలిపాడు. అడుగున ఉప్పునీరు, పైన స్వేదనజలం. ఇందుకు భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ సలహా తీసుకున్నాడు. కొన్నాళ్లకు రెండు నీళ్లూ కలిసి బంతి కుంగుతుంది. తొట్టిని మళ్లీ నింపాల్సిందే.

మరో కళాకారుడు డేవిడ్ హామన్స్ (జననం 1943) పని వీధికి ఇంకా దగ్గర. న్యూయార్క్‌లోని హార్లెం మట్టి అంటిన బంతిని కాగితం మీద పదేపదే కొట్టి బొమ్మలు తీశాడు. వాన వెలిశాక వీధుల్లో తడి టెన్నిస్ బంతి సున్నపు గోడ మీద వదిలే గుండ్రటి మచ్చలు చూసినవారికి ఈ బొమ్మలు ఇట్టే అందుతాయి. వాటిలో ఒకటైన ‘ట్రావెలింగ్’ (2001–02) చట్రం వెనుక ఒక సూట్‌కేసు ఉంటుంది. బాస్కెట్‌బాల్‌లో బంతి నేలకు కొట్టకుండా నడిచే తప్పుకూ, ప్రయాణానికీ ఇంగ్లిష్‌లో అదే మాట.