దశపురపుఁ బట్టునేఁతగాండ్రు

మగ్గము పొట్టకూటికే గాని జన్మసార్థకతకుఁ గాదని మన యువకులు కొందఱు తలఁచుచున్నారు. వారు మాళవదేశమునందలి దశపుర శాసనము నెఱుంగవలయును. నేఁటి మందసోరే యా దశపురము.

లాటదేశమునుండి యచటికి వలసవచ్చిన పట్టునేఁతగాండ్ర శ్రేణి, అనఁగా సంఘము, తన వృత్తిచే నార్జించిన ధనముతో క్రీ. శ. 436 ప్రాంతమున సూర్యాలయము గట్టించెను. కాలక్రమమున నది కొంత శిథిలము కాఁగా 473 ప్రాంతమున నా శ్రేణియే బాగుచేయించెను. ఈ వృత్తాంతమును వత్సభట్టి సంస్కృతపద్యములలో రచించెను.

ఆ శ్రేణియందుఁ గొందఱు ధనుర్విద్యను, గొందఱు జ్యోతిషమును నభ్యసించిరి. కొందఱు నేఁతయందే ప్రవీణులైరి. కవి యందఱను సమానముగాఁ గీర్తించెను. శాసనమున రాజుల పేరులును గవి పేరును గలవు. నేఁతగాండ్రలో నొక్కని పేరును లేదు. శ్రేణి కీర్తియే నిలిచినది.

మన బిడ్డలు ఏ విద్యనైన నేర్తురుగాక. తాతల మగ్గమును జులకన సేయకుందురుగాక. పదుగురకై నిలుచు పనియే సార్థకము.