పాతపట్నం ఎంపీ సంతకం

సుప్రీంకోర్టుకు ఒకసారి కక్షిదారుగా వెళ్లి, ఇంకోసారి సాక్షిగా నిలబడి, ఆ తరవాత అదే కోర్టుకు ప్రధాన న్యాయమూర్తిని నియమించిన రాష్ట్రపతి మనకు ఒక్కరే ఉన్నారు. ఆయన వరాహగిరి వెంకటగిరి. పుట్టింది బరంపురంలో అయినా ఎన్నికల్లో ఆయనను గెలిపించిందీ ఓడించిందీ మన ఉత్తరాంధ్ర ఓటర్లే. 1937లో బొబ్బిలిలో నిలబడి, అప్పటిదాకా మద్రాసు రాష్ట్రాన్ని ఏలిన జస్టిస్ పార్టీ నాయకుడు బొబ్బిలి రాజాను ఓడించారు. 1952లో తొలి లోక్‌సభకు పాతపట్నం నుంచి వెళ్లారు. 1957లో పార్వతీపురంలో ఓడిపోయారు. 1973 ఏప్రిల్‌లో దేశాన్ని కుదిపిన న్యాయమూర్తి నియామకం మీద ఉన్న సంతకం ఆయనదే. ఆ సంతకం కథలో మన జిల్లాల పాలు ఎంతో ఉంది. అందులో కొంత చేదు కూడా ఉంది.

ముందుగా పార్వతీపురం. అప్పట్లో అది శ్రీకాకుళం జిల్లాలోనిదే. ఆ లోక్‌సభ స్థానానికి ఇద్దరు సభ్యులు, అందులో ఒక సీటు గిరిజనులకు కేటాయింపు. ఓటరు చేతికి రెండు బ్యాలెట్ కాగితాలిచ్చేవారు. కాగితం మీద ముద్ర వేసే పని లేదు. తెర వెనక ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు ఉండేవి. నచ్చిన ఇద్దరి పెట్టెల్లో చెరో కాగితం వేసి వచ్చేయడమే. లెక్క తేలేసరికి మొదటి రెండు స్థానాల్లోనూ గిరిజన అభ్యర్థులే నిలిచారు. బిడ్డిక సత్యనారాయణకు రిజర్వుడు సీటు దక్కింది. డిప్పల సూరిదొర స్వల్ప ఆధిక్యంతో గిరిని దాటి జనరల్ సీటు గెలిచారు. గిరిజన అభ్యర్థిగా నామినేషన్ వేసిన మనిషి జనరల్ సీటుకు ఎలా ఎన్నికవుతాడని గిరి కోర్టుకెక్కారు. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1959లో కోర్టు మెజారిటీ తీర్పు సూరిదొర పక్షాన నిలిచింది. రిజర్వేషన్ గిరిజనుడికి అదనంగా ఇచ్చిన రక్షణే తప్ప, మిగతా సీటుకు పోటీపడే హక్కును తీసేసేది కాదని తేల్చింది. మన్యం గిరిజనుడి పేరుతో నిలిచిపోయిన ఆ తీర్పు నాకు చాలా గొప్పగా కనిపిస్తుంది. పార్వతీపురం కొండల నుంచి వచ్చిన ఒక అభ్యర్థి, మాజీ కేంద్రమంత్రి మీద దేశపు అత్యున్నత న్యాయస్థానంలో గెలిచాడు. అప్పటికే గిరి ఉత్తరప్రదేశ్ గవర్నరు. ఇద్దరు సభ్యుల నియోజకవర్గాల పద్ధతి 1961లో రద్దయిపోయింది.

గిరిని అర్థం చేసుకోవాలంటే 1954 నాటి ఇంకో సంగతి చూడాలి. పాతపట్నం ఎంపీగా ఆయన నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి. వాల్తేరు నుంచి విజయనగరం, పలాస మీదుగా హౌరా దాకా పోయే బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టిన మనిషి ఆయన. బ్యాంకు ఉద్యోగుల జీతాల వివాదంలో ట్రిబ్యునల్ ఇచ్చిన నిర్ణయాన్ని ప్రభుత్వం మార్చేసింది. తీర్పు చెప్పమని ఒకరిని కూర్చోబెట్టి, చెప్పాక అది నచ్చలేదని దిద్దడం ఆయనకు మింగుడుపడలేదు. రాజీనామా చేసి బయటికొచ్చేశారు.

పదిహేనేళ్ల తరవాత బ్యాంకులే మళ్లీ ఆయన ముందుకొచ్చాయి. జాకీర్ హుస్సేన్ మరణంతో తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న గిరి, 1969 జులై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్స్ మీద సంతకం పెట్టారు. మర్నాడే పదవి వదిలేసి రాష్ట్రపతి ఎన్నికకు దిగారు. ఎదుటి అభ్యర్థి కాంగ్రెస్ అధికారికంగా నిలబెట్టిన నీలం సంజీవరెడ్డి. ఇద్దరూ తెలుగువాళ్లే. రెండో ప్రాధాన్య ఓట్లు కూడా లెక్కించాక గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. ఆ గెలుపు చెల్లదంటూ సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి. సంజీవరెడ్డి మీద అసభ్యపు కరపత్రం ఒకటి ఎంపీల మధ్య తిరిగిందన్నది ముఖ్యమైన ఆరోపణ. రాష్ట్రపతి ఉన్నచోటికే వచ్చి వాంగ్మూలం తీసుకునే వీలున్నా గిరి వద్దన్నారు. స్వయంగా కోర్టుకొచ్చి ప్రశ్నలకు జవాబులు చెప్పారు. 1970లో అయిదుగురు న్యాయమూర్తులు పిటిషన్లను కొట్టేశారు. ఆ అయిదుగురిలో ఎస్.ఎం. సిక్రీ, జె.ఎం. షెలత్ ఉన్నారు. ఈ రెండు పేర్లు గుర్తుంచుకోవాలి.

ఇటు గిరి సంతకంతో వచ్చిన నిర్ణయాలు ఒక్కొక్కటీ కోర్టులో వీగిపోతున్నాయి. 1970 ఫిబ్రవరిలో బ్యాంకుల జాతీయీకరణ చట్టాన్ని పదకొండు మందిలో పదిమంది కొట్టేశారు. ప్రభుత్వం పక్షాన నిలిచింది ఎ.ఎన్. రే ఒక్కరే. అదే ఏడాది సెప్టెంబరులో మాజీ సంస్థానాధీశుల గుర్తింపు రద్దు చేస్తూ రాష్ట్రపతి ఉత్తర్వు ఇచ్చారు. డిసెంబరులో అదీ పోయింది. ప్రభుత్వం వైపు మొగ్గిన ఇద్దరిలో రే మళ్లీ ఉన్నారు. ఆ తరవాత కేశవానంద భారతి కేసు వచ్చింది. పదమూడు మంది న్యాయమూర్తుల ధర్మాసనం 68 రోజులు వాదనలు విన్నది. 1973 ఏప్రిల్ 24న ఏడుగురు ఒకవైపు, ఆరుగురు ఒకవైపుగా తీర్పు వచ్చింది. పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించవచ్చు గానీ దాని మౌలిక స్వరూపాన్ని చెరపకూడదన్నది దాని సారం. ఆ ఏడుగురిలో సిక్రీ, షెలత్, కె.ఎస్. హెగ్డే, ఎ.ఎన్. గ్రోవర్, మన హైదరాబాదు న్యాయమూర్తి పి. జగన్మోహన్ రెడ్డి ఉన్నారు. రే రెండో పక్షం.

మర్నాడు, ఏప్రిల్ 25న, ప్రధాన న్యాయమూర్తి సిక్రీ పదవీ విరమణ. సాయంత్రం అయిదు గంటల రేడియో వార్తల్లో కొత్త ప్రధాన న్యాయమూర్తి ఎ.ఎన్. రే అని చెప్పారు. వరసలో ముందున్నది షెలత్, తరవాత హెగ్డే, ఆపైన గ్రోవర్. ముగ్గురినీ దాటేశారు. సిక్రీని అడగనైనా అడగలేదు. 26న రే ప్రమాణం చేశారు. దాటేయబడిన ముగ్గురూ రాజీనామా చేశారు. పుట్టిన తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. వరస ప్రకారమే పోయుంటే షెలత్‌కు మూడు నెలలు కూడా దక్కేవి కావు, హెగ్డేకు ఏడాది లోపు. గ్రోవర్ 1977 ఫిబ్రవరి దాకా ఉండేవారు. రే విరమణ అంతకు కొద్ది రోజుల ముందే, 1977 జనవరిలో. అంటే వరస తప్పకపోతే రే ఎన్నటికీ ప్రధాన న్యాయమూర్తి కాలేరు.

పార్లమెంటు అట్టుడికింది. న్యాయవాదులు దేశమంతటా నిరసనలు చేశారు. జయప్రకాశ్ నారాయణ్ ఇందిరాగాంధీకి లేఖ రాశారు. ప్రభుత్వం తరఫున గట్టిగా వాదించింది న్యాయమంత్రి గోఖలే కాదు, ఉక్కు గనుల శాఖ మంత్రి, మద్రాసుకు చెందిన మోహన్ కుమారమంగళం. సీనియారిటీ ఒక్కటే చూడనక్కర్లేదని 1958లో సెతల్వాడ్ అధ్యక్షతన లా కమిషనే చెప్పిందన్నారు. న్యాయమూర్తి దృక్పథమేమిటో, మారుతున్న దేశాన్ని ఆయన ఎలా చూస్తాడో గమనించే హక్కు ప్రభుత్వానికి ఉందన్నారు.

ఈ వాదనను మన ప్రాంతంవాళ్లు చులకనగా తీసేయలేరు. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి ఎస్టేట్ల కింద శిస్తులు కట్టిన రైతుల మనవలం మనం. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చాకే ఆ భారం దిగింది. దేశంలో అలాంటి చట్టాలు కోర్టుల్లో చిక్కుకోబట్టే 1951లో రాజ్యాంగానికి మొదటి సవరణ అవసరమైంది. ఆస్తిపరుడి హక్కు దగ్గర కోర్టులు చూపిన శ్రద్ధ దున్నేవాడి ఆకలి దగ్గర చూపలేదన్న మాటలో నిజముంది.

అయినా 1973లో జరిగింది తప్పేనని నా నమ్మకం. కారణాలున్న ప్రభుత్వం వాటిని ముందు చెప్పాలి. తీర్పు వచ్చిన మర్నాడు రేడియోలో పేరు చెప్పి, ఆ మర్నాడు ప్రమాణం చేయించి, ఆ తరవాత సభలో సిద్ధాంతం వినిపించారు. ఎంపీలు ఎంత వాదించినా అప్పటికి మారేదేమీ లేదు. కోర్టులో మిగిలిన న్యాయమూర్తులకు మాత్రం ఎటు తీర్పు చెబితే ఏమవుతుందో తెలిసొచ్చింది.

ఇలా జరగవచ్చని ముందే ఊహించినవాళ్లున్నారు. 1949 మే 24న రాజ్యాంగ సభలో సుప్రీంకోర్టు అధికరణం చర్చకొచ్చినప్పుడు శిబ్బన్ లాల్ సక్సేనా ఒక సవరణ పెట్టారు. ప్రధాన న్యాయమూర్తి పేరును పార్లమెంటు ఉభయసభల సంయుక్త సమావేశం మూడింట రెండు వంతుల మెజారిటీతో ఆమోదించాలన్నారు. కె.టి. షా రాజ్యసభను సంప్రదించాలన్నారు. మరికొందరు ప్రధాన న్యాయమూర్తి సమ్మతి తప్పనిసరి చేయాలన్నారు. అంబేద్కర్ ఏదీ ఒప్పుకోలేదు. అమెరికా సెనేట్ పద్ధతి చిక్కులతో కూడుకున్నదని, నియామకాల్లోకి రాజకీయ ఒత్తిళ్లు చొరబడతాయని ఆయన భయం. ప్రధాన న్యాయమూర్తీ మనిషే కాబట్టి ఆయన చేతికి తిరుగులేని అధికారం ఇవ్వడమూ ప్రమాదమే అన్నారు. చివరికి నిలిచిన 124వ అధికరణంలో మిగతా న్యాయమూర్తుల నియామకానికి ప్రధాన న్యాయమూర్తిని తప్పక సంప్రదించాలని ఉంది. ప్రధాన న్యాయమూర్తినే నియమించేటప్పుడు ఎవరిని అడగాలో కచ్చితంగా లేదు. 1973లో ప్రభుత్వం నడిచింది ఆ సందులోనే.

అంబేద్కర్ భయపడిన అమెరికాలో 1973కు కొన్నేళ్ల ముందే ఏం జరిగిందో చూడండి. అధ్యక్షుడు నిక్సన్ సుప్రీంకోర్టుకు పంపిన రెండు పేర్లను సెనేట్ వరసగా తిప్పికొట్టింది. 1969 నవంబరులో హేన్స్‌వర్త్, 1970 ఏప్రిల్‌లో కార్స్‌వెల్. అందులో రాజకీయం బోలెడంత ఉంది. కానీ కార్స్‌వెల్ పాత ప్రసంగాలు, తీర్పులు, జాతి వివక్షపై ఆయన మాటలు అన్నీ పదవి ఇవ్వకముందే జనం ముందుకొచ్చాయి. అంబేద్కర్ మీద ఎంత గౌరవమున్నా, ఈ ఒక్కచోట నేను సక్సేనా వైపే ఉంటాను. రాజకీయం ఎలాగూ తప్పనప్పుడు అది ప్రమాణస్వీకారానికి ముందు, అందరూ వింటుండగా జరగడం మేలు.

మరి గిరి మాటేమిటి? తనకు వ్యతిరేకంగా వేసిన పిటిషన్ విని, తన పదవిని నిలబెట్టిన ధర్మాసనంలోని షెలత్‌ను దాటేసే ఉత్తర్వు మీద ఆయన సంతకం పెట్టారు. మంత్రివర్గం సలహాను వెనక్కి పంపి మళ్లీ ఆలోచించమనే వీలు రాజ్యాంగంలో అప్పటికి రాసి లేదు. సంతకం పెట్టాలి, లేదా పదవి వదలాలి. పదవి వదలడం ఆయనకు తెలియని విద్య కాదు, 1954లో చేశారు, 1969లో చేశారు. ట్రిబ్యునల్ మాటను ప్రభుత్వం దిద్దితే సహించలేని ఆ పాతపట్నం ఎంపీ ఈసారి కూడా నిలబడి ఉంటే బాగుండేదని, ఆయనను పార్లమెంటుకు పంపిన జిల్లాలవాళ్లుగా మనకు అనిపించక మానదు.

ప్రభుత్వం ఆశించింది కూడా పూర్తిగా దక్కలేదు. కేశవానంద తీర్పును తిరగదోడడానికి రే 1975 నవంబరులో పదమూడు మంది ధర్మాసనాన్ని కూర్చోబెట్టి, రెండు రోజులకే రద్దు చేయాల్సి వచ్చింది. ఆ తీర్పు ఇవాళ్టికీ నిలిచే ఉంది. రే తరవాత, ఎమర్జెన్సీలో పౌరుడి ప్రాణహక్కు కోసం ఒంటరిగా నిలిచిన హెచ్.ఆర్. ఖన్నాను కూడా దాటేశారు. ఆయనా రాజీనామా చేశారు. అప్పటినుంచి ప్రధాన న్యాయమూర్తి పదవిలో సీనియారిటీ తప్పలేదు.

1977 ఎన్నికల్లో హెగ్డే బెంగళూరు నుంచి జనతా పార్టీ ఎంపీగా గెలిచారు. గిరి చేతిలో ఓడిన సంజీవరెడ్డి ఆ జులైలో లోక్‌సభ స్పీకర్ పదవి వదిలి రాష్ట్రపతి అయ్యారు. ఆయన ఖాళీ చేసిన స్పీకర్ కుర్చీలో హెగ్డే కూర్చున్నారు. మంత్రివర్గం సలహాను రాష్ట్రపతి ఒకసారి వెనక్కి పంపి పునరాలోచించమని కోరే హక్కు ఇచ్చిన 44వ సవరణను లోక్‌సభ 1978లో ఆమోదించింది హెగ్డే స్పీకర్‌గా ఉండగానే.