ఊరి సభయే పౌరవిద్యకు బడి

పౌరశాస్త్రమను పేర మన యున్నత పాఠశాలలలో బాలబాలికలు చదువు పాఠములు తక్కువవి కావు. రాజ్యాంగము, ప్రాథమిక హక్కులు, శాసనసభ, పంచాయతి, పురపాలక సంఘము, ఇవన్నియు పుస్తకములో నున్నవి. విద్యార్థి వానిని వల్లించును, పరీక్షలో వ్రాయును, మార్కులు వచ్చిన మఱునాడే మఱచును. నీ వీథిలోని మురుగుకాలువ బాగుచేయించుట యెవరి బాధ్యత యని యడిగితిమా, నోరు మెదపడు. ఈ లోపము పిల్లలదా, పుస్తకములదా, పెద్దలదా? దీనికి సమాధానము వెదకుటకు పరదేశములకు పోనక్కఱలేదు. గోదావరీతీరమున జరిగిన చరిత్రయే చాలును.

1874వ సంవత్సరమున కందుకూరి వీరేశలింగముగారు ధవళేశ్వరమున నొక పాఠశాలకు ప్రధానోపాధ్యాయులుగా నుండిరి. ఆ యేటనే వారచట బాలికలకు బడి పెట్టిరి; వివేకవర్ధని యను పత్రికను వెలువరింప మొదలిడిరి. పిదప రాజమహేంద్రవరము చేరి తెలుగు పండితులుగా పని చేసిరి. వారి పత్రిక కచేరీలలోని లంచములను బయటపెట్టెను. వేశ్యాలోలతను, బాల్యవివాహములను నిందించెను. బడిలో వ్యాకరణము చెప్పు గురువే పత్రికలో నధికారుల యక్రమములను ఖండించుచుండగా, ఆ బాలురకు పౌరధర్మమన నేమియో వేఱుగ బోధింపవలసిన పని యుండెనా?

ఇందు ముఖ్యముగా గమనింపదగిన విషయ మొకటి కలదు. హిందూ వితంతువుల పునర్వివాహమును చెల్లుబాటు చేయు చట్టము 1856లోనే పుట్టినది. అంతకు ముందు నిషిద్ధమైనది నాటినుండి ధర్మాసనముల యెదుట సక్రమమైనది. అయినను మన సంసారములలోని బాలవితంతువుల బ్రతుకు మాఱలేదు. చట్టము రాజపత్రములోనే యుండెను. ఆచారము ఇంటింట నుండెను. ఈ రెంటికి నడుమ మాటలాడువారు లేరైరి. 1879 ఆగస్టు నెలలో వీరేశలింగముగారు వితంతు వివాహమును గూర్చి బహిరంగముగా నుపన్యసించినప్పుడు ఊరిలో మొదటిమాఱు ఆ మాట నలుగురి యెదుటికి వచ్చెను.

అటుపిమ్మట జరిగినది వట్టి యుపన్యాసము గాదు, సంవాదము. శాస్త్రప్రమాణములు చూపి పండితులు వాదించిరి. కొక్కొండ వేంకటరత్నముగారివంటి విద్వాంసులు గట్టిగా ప్రతిఘటించిరి. ఒకరు వ్రాసిన దానికి మఱొకరు బదులు వ్రాసిరి. ఇరుపక్షముల వాదములును అచ్చయి ప్రజల చేతులలో పడెను. సభలో విన్న మాటను విద్యార్థి యింటికి తెచ్చి తండ్రితోడను, తాతతోడను చర్చించియుండునని యూహించుట కష్టము గాదు. తాతగారి ప్రశ్నకు బదులు చెప్పలేనివాడు మఱునాడు గురువును అడిగి తీరవలెను. ఇట్టి రాకపోకలలోనే పౌరవిద్య కలదు.

1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వారి ప్రయత్నమున మొదటి వితంతు వివాహము జరిగెను. కాకినాడకు చెందిన పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. తోడుండెదమని మాట యిచ్చిన పెద్దమనుష్యులలో కొందఱు వెలికి జడిసి వెనుకకు తగ్గిరి. వంటవారు, నీళ్ళు మోయువారు దొరకుటయే కష్టమయ్యెను. రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు తెచ్చి పెండ్లి పనులు నడిపిరి. అట్టి వేళ విద్యార్థులు పంతులుగారి పక్షమున నిలిచి సాయపడిరి. పెద్దలు సంతకము చేసి తప్పుకొన్న చోట పిల్లలు సంతకము లేకయే నిలిచిరి.

ఇచట నొక యాక్షేపము రాగలదు. గురువుమీది భక్తిచేత వారు వెంట పోయిరేగాని స్వబుద్ధిచేత గాదనియు, నేటి యుపాధ్యాయుడును తన పక్షమునకు పిల్లలను లాగుకొనుననియు కొందఱందురు. ఈ భయము త్రోసిపుచ్చదగినది గాదు. ఐనను దానికి మందు మౌనము కాదు; ఎదుటిపక్షమునుగూడ వినిపించుట. నాటి విద్యార్థి ఖండనములు వినక మండనమును మాత్రమే వినియుండినచో అది పౌరవిద్య గాక మతప్రచారమై యుండును. రెండు పక్షములును ఊరిలో మ్రోగుచుండుటచేతనే వాని యెన్నికకు విలువ కలిగెను.

1890లో వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున పురమందిరమును నెలకొల్పిరి. మాటలాడుటకు చోటు లేనిదే ప్రజాభిప్రాయము పుట్టదని వారెఱుంగుదురు. 1907లో బిపినచంద్రపాలుగారు ఆ యూరికి వచ్చి యుపన్యసించిరి. ఆ దినములలో వందేమాతర ముద్రలు ధరించిన విద్యార్థులు దండింపబడిరి; ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుచుండిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వెడలగొట్టబడిరి. పాలకులు భయపడినది విద్యార్థులు చదువుటకు గాదు, వారు సభకు పోవుటకు. ఆ వెడలగొట్టబడిన విద్యార్థియే తరువాత గ్రంథాలయోద్యమమునకును వయోజనవిద్యకును నాయకుడయ్యెను. 1914 ఏప్రిలులో బెజవాడలో అయ్యంకి వేంకటరమణయ్యగారి కృషిచే గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసెను. పల్లెలోని పఠనమందిరమున నొకడు పత్రిక చదువుచుండ పదిమంది వినుటయు, విన్నదానిని గూర్చి వాదించుకొనుటయు ఆ యుద్యమము మనకిచ్చిన యలవాటు.

మేము నాటి కాలమును పొగడుటకు మాత్రమే ఈ మాటలు వ్రాయుటలేదు. ఆ సభలలో కూర్చున్న విద్యార్థు లెవరు? మిక్కిలిగా అగ్రవర్ణముల మగపిల్లలు. ఎవరి బ్రతుకును గూర్చి వాద మంతయు జరిగెనో ఆ బాలవితంతువు సభలో లేదు. మాలమాదిగల బిడ్డకు బడి గడపయే దూరము. తన్ను గూర్చిన చర్చలో తనకు చోటు లేకపోవుట యెంతటి యన్యాయమో నాటి సంస్కర్తలును పూర్తిగా గుర్తింపలేదని చెప్పక తప్పదు.

నేడు చోటున్నది. 1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము గ్రామసభకు రాజ్యాంగమున స్థాన మిచ్చెను. పంచాయతులలో స్త్రీలకును, షెడ్యూల్డు కులములకును, తెగలకును స్థానములు ప్రత్యేకించెను. 1989నుండి ఓటుహక్కు పదునెనిమిదేండ్లకే వచ్చుచున్నది. 2005లో సమాచారహక్కు చట్టము వచ్చెను. అయినను 1856 నాటి చట్టమునకు పట్టిన గతియే వీనికిని పట్టుచున్నదేమో యని మాకు శంక. గ్రామసభ యెన్నడు కూడెనో తెలియని యూరు లెన్ని లేవు? పదవ తరగతి పిల్లవాడు మఱి మూడేండ్లకు ఓటరు కానున్నాడు. గ్రామసభ నిర్వచనము వానికి కంఠస్థము. గ్రామసభను మాత్రము వాడు చూచి యెఱుగడు.

కావున మేము కోరునది పెద్ద వ్యయముతో గూడినది కాదు. గ్రామసభలో సభ్యత్వము ఓటర్లదే. కాని యుపాధ్యాయుడు పిల్లలను వెంటబెట్టుకొని పోయి ఒక ప్రక్క కూర్చుండబెట్టి వినిపింపవచ్చును. మఱునాడు తరగతిలో ఎవరేమనిరి, ఎవరు నోరు తెఱువలేదు, ఏల తెఱువలేదు అని చర్చింపవచ్చును. నెల కొకమాఱు బడి వసారాలో ఊరివారిని పిలిచి మంచినీటి చెఱువును గూర్చియో, ఆడపిల్లల చదువు నడుమ నాగిపోవుటను గూర్చియో మాటలాడింపవచ్చును. రైతు, కూలి, సర్పంచి, ఆశా కార్యకర్త యందఱును చెప్పవలెను, పిల్లలు ప్రశ్నలడుగవలెను. ఉపాధ్యాయుడు తీర్పు చెప్పక, ఇరువైపుల మాటయు సాగునట్లు మాత్రము చూడవలెను.

పిల్లలకు ఊరి తగవు లెందుకని పెద్దలు కొందఱందురు. ఊరి తగవులలోనే ఆ పిల్లలు పుట్టి పెరుగుచున్నారు. వానిని తీర్చు విధము మాత్రము మనము వారికి చూపుట లేదు. చట్టము పుట్టి యిరువదియైదేండ్లు గడచినగాని ఒక బాలిక మెడలో పుస్తె పడలేదు. ఆ యాలస్యమునకు మూల్యము చెల్లించినవారు శాసనకర్తలు గారు, ఆ నడుమ ముసుగు వేసుకొని మూలల కూర్చున్న వేలకొలది యాడుబిడ్డలు. నేటి చట్టములకును అట్టి యాలస్యము కలుగకుండవలె నన్నచో, మాటలాడ నేర్పు పని బడినుండియే మొదలుపెట్టుదము.