పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా సింగుగారు

ఒరేయ్ అబ్బాయిలూ, ఆ సౌండు కాస్త తగ్గించి ఇలా మంట దగ్గరికి జరగండ్రా. తెల్లారకుండా భోగి మంట వేసుకుని ఆ మోతేవిటి? సైకెడెలిక్ ట్రాన్సా? ఎవరో పాతకాపు చాన్నాళ్లకి కొత్త ఆల్బంతో వచ్చాడా? మంచిదే, రానివ్వండి. డెబ్బై దాటాక పాత ఆల్బంతోనే మళ్లీ వచ్చినాయన ఒకాయన ఉన్నాడు. రికార్డుల పిచ్చి నాకు మొదట్నుంచీ ఉంది గనక చెప్తున్నా, వినండి.

ముందు మన యానాం సంగతి. 1929లో ఇంగ్లీషోళ్లు శారదా చట్టం తెచ్చారు, బాల్యవివాహాలు కూడవని. ఇక్కడ ఫ్రెంచోళ్ల ఏలుబడి, ఆ చట్టం చెల్లదు. దాంతో చుట్టుపక్కలవాళ్లు పిల్లల్ని తీసుకొచ్చి ఇక్కడ మూడుముళ్లూ వేయించేవారు. కల్యాణపురమని పేరే పడిపోయింది. మా నాన్న చెప్తే విన్నదే, నేను చూసింది కాదు. పసిపిల్లలకి పెళ్లేవిటని ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, మేళాల వాళ్లకి మాత్రం చేతినిండా పని. అయితే ఏం లాభం? సన్నాయి ఆయన ప్రాణం పెట్టి ఊదినా జనం చూపు విస్తళ్ల మీదే. ఆయన పేరడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఇందాక నేను చెప్పినాయన, చరణ్‌జీత్ సింగుగారిదీ అదే బతుకు. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించేవాడు. బాస్ గిటారు, కీబోర్డులు, ఏదిస్తే అది. హిప్పీల సినిమా ‘హరే రామ హరే కృష్ణ’లో ‘దమ్ మారో దమ్’ ఉంది చూడండి, అందులో ట్రాన్సికార్డు అనే వాద్యం వాయించింది ఈయనే. పాట ఆర్.డి. బర్మన్‌ది, పేరు ఆశా భోంస్లేది, వాయించింది సింగుగారు. సినిమా పని లేనప్పుడు భార్యతో కలిసి పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రా.

ఇంతలో జపాన్‌లో రోలాండ్ కంపెనీవాళ్లు టీబీ-303 అని చిన్న పెట్టె తయారుచేశారు. పక్కన బాస్ వాయించే మనిషి లేకపోయినా ఆ లోటు తీర్చాలని దాని ఉద్దేశం. తమాషా చూశారా? ఎవరి పొట్ట కొట్టడానికి చేశారో ఆ బాస్ గిటారాయన చేతిలోకే వచ్చిపడింది! నిజం చెప్పాలంటే ఆ పెట్టె అసలు బాస్ గిటారులా పలికేదే కాదు. ఎవరూ కొనక 1984కల్లా కంపెనీ దాన్ని ఆపేసింది. కానీ దానికో గుణం ఉంది. ఒక స్వరం మీంచి ఇంకో స్వరం మీదికి జారుతుంది. మన గమకాల్లో జారు లేదూ, అలాగ. సింగుగారి చెవి అక్కడ పట్టుకుంది.

1982లో ఆ పెట్టె, ఇంకో డ్రమ్ము యంత్రం, పెద్ద సింథసైజరూ పెట్టుకుని పది రాగాలు వాయించాడు. ‘సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’ అని హెచ్‌ఎంవీ వాళ్లు వేశారు. వాటిల్లో భూపాలి మన మోహన. మాల్కౌన్స్ మన హిందోళం. తోడి అంటే మాత్రం మన తోడి కాదురోయ్, శుభపంతువరాళి! కింద డిస్కో దరువు ఆగకుండా నడుస్తూంటే పైన రాగం మెల్లిగా విచ్చుకుంటుంది. డిస్కో వాళ్లకి పాట కావాలి, అందులో పాట లేదు. రాగం వాళ్లకి యంత్రం గిట్టదు. ఇంకెవరు కొంటారు? రికార్డు మూలపడింది.

అదే ఏడు మన కొండపల్లి ఆయన రమేష్ నాయుడు ‘మేఘసందేశం’ సినిమాకి సంగీతం చేశాడు. ఆయనా బొంబాయి, కలకత్తా తిరిగి తిరిగి, 1972లో ‘అమ్మమాట’తో తెలుగుకి మళ్లీ వచ్చినవాడే. ఆయనకి జాతీయ అవార్డు దక్కింది. సింగుగారు మళ్లీ పెళ్లిళ్లకి పోయాడు.

అవతల షికాగోలో కుర్రాళ్లు, ఎవరికీ అక్కర్లేని ఆ పెట్టెనే చవగ్గా కొని, 1987లో ‘యాసిడ్ ట్రాక్స్’ అని ఒకటి వదిలారు. లోకం ఊగిపోయింది. ఆ చప్పుడే గోవా అంజునా తీరానికి చేరి ట్రాన్స్ అయింది, మీరిందాక ఎగిరింది దానికే. సింగుగారిది విని వాళ్లు చేశారనుకునేరు, లేదు. ఎవరి దారిన వాళ్లు వచ్చారు, ఈయన అయిదేళ్లు ముందొచ్చాడు, అంతే.

చివరికి ఎడో బౌమన్ అనే డచ్చాయన పాత రికార్డులు వెతుక్కుంటూ వచ్చి దీన్ని పట్టుకున్నాడు. 2010లో మళ్లీ వేస్తే విన్నవాళ్లు నమ్మలేదు, ఈ కాలంవాళ్లెవరో చేసి పాత తేదీ అంటించారన్నారు. అదీ ఓ మెప్పే! తర్వాత ముసలాయన యూరప్ వెళ్లి, కుర్రకారు ముందు అవే రాగాలు వాయించి వచ్చాడు. 2015 జులైలో బొంబాయిలో పోయాడు.

వచ్చే మాఘంలో మన అగ్రహారంలో పెళ్లిళ్లుంటాయి. భోజనాలకి లేచే ముందు, ఆ కీబోర్డు వాయించే కుర్రాడి పేరేవిటో కనుక్కోండ్రా.